చెవులు పోగొట్టుకున్న పంతులు గారు



ఏటా ఆగస్టు 29న మన భీమిలి బడుల్లో తెలుగు భాషా దినోత్సవం జరుగుతుంది. బల్ల మీద ఒక పటం పెట్టి దండ వేస్తారు. ఇద్దరు ముగ్గురు పిల్లలు పద్యాలు అప్పజెబుతారు. పటంలో ఉన్న పెద్దాయన గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు. వాడుక భాష కోసం పోరాడిన పండితుడని మాస్టారు నాలుగు మాటలు చెబుతారు, పిల్లలు చప్పట్లు కొడతారు, మిఠాయి పంచుతారు. అందులో తప్పేమీ లేదు. కాని ఆ పటం ముందు ఎక్కువగా వినబడని సంగతి ఒకటుంది. ఆ పెద్దాయనకు చెవులు వినబడేవి కావు. ఒకటి రెండేళ్లు కాదు, చనిపోయేదాకా. ఆ చెవుడు ఎలా వచ్చిందో, వచ్చిన తరువాత ఆయన ఎలా బ్రతికారో ఈ వారం మన సంఘాలకు చెప్పాలనిపించింది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. పంతులు గారు క్రైస్తవులు కారు. మంచివాడు ఎవరైనా కనబడితే ఆయన లోలోపల విశ్వాసే అయ్యుంటాడని చెప్పుకునే అలవాటు మనలో కొందరికి ఉంది. అది ఆ మనిషికీ అన్యాయమే, సత్యానికీ అన్యాయమే. ప్రభువు మంచి సమరయుని గురించి చెప్పినప్పుడు అతణ్ణి సమరయుడిగానే ఉంచి చెప్పాడు. మనమూ పంతులు గారిని ఆయన ఉన్నచోటే ఉంచి చూద్దాం.

ఆయన 1863 ఆగస్టు 29న పర్వతాలపేటలో పుట్టారు. వంశధార ఒడ్డున శ్రీముఖలింగం దగ్గర ఊరు అది, ఇప్పటి శ్రీకాకుళం జిల్లా. తండ్రి వీర్రాజు గారు ఉద్యోగరీత్యా మన చోడవరానికి బదిలీ అయి వచ్చారు. అక్కడే 1875లో విషజ్వరం తగిలి చనిపోయారు. పిల్లవాడికి అప్పటికి పన్నెండేళ్లు. విశాఖపట్నంలో ఉన్న మేనమామ ఇల్లు దిక్కయింది. జ్వరం అనే మాట ఈ కథలో మళ్లీ వస్తుంది, అందుకే ఇక్కడ ఒక క్షణం ఆగాను. ఆ రోజుల్లో మన కొండల అంచున ఉన్న ఊళ్లలో జ్వరం కాటేయని ఇల్లు అరుదు. దోమ ద్వారా మలేరియా వస్తుందన్న సంగతి రొనాల్డ్ రాస్ అనే వైద్యుడు సికిందరాబాదులో కనిపెట్టింది 1897లో. అంతవరకు మన్యపు గాలి పడలేదనో, నీళ్లు పడలేదనో అనుకునేవారు.

మేనమామ నీడన పెరిగిన ఆ కుర్రవాడు విజయనగరం మహారాజావారి ఇంగ్లీషు బడిలో చదివాడు. గురజాడ అప్పారావు గారు అక్కడ ఆయనతో చదువుకున్నవారే. 1879లో మెట్రిక్యులేషన్ అయింది. మరుసటి ఏడాది పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చిన్న తరగతికి చరిత్ర చెప్పే పంతులుగా చేరారు. అప్పటికి పదిహేడేళ్లు కూడా సరిగ్గా నిండలేదు. పాఠాలు చెబుతూనే ఇంటి దగ్గర చదువుకుని పరీక్షలకు కట్టి 1896లో బి.ఏ. పూర్తి చేశారు. బడి కాలేజీ అయ్యాక అక్కడా బోధించారు. ముప్పై ఏళ్ల ఉద్యోగం తరువాత 1911లో తనంతట తానే విరమించుకున్నారు. ఉద్యోగ జీవితమంటే ఇంతే. ఇంత చెప్పుకుని ఆపేస్తే మనకు తెలిసిన ఎందరో మాస్టర్ల కథలాగే ఉంటుంది.

పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండల్లో సవరలు ఉంటారు. కొండవాలును రాళ్లతో మెట్లు మెట్లుగా కట్టి వరి పండించే నేర్పు వాళ్లది. పోడు కొట్టి చిరుధాన్యాలు, కందులు వేస్తారు. పండినదీ, అడవిలో ఏరినదీ నెత్తిన పెట్టుకుని సంతకు దిగుతారు. సంతలో వాళ్ల భాష ఎవరికీ రాదు. మధ్యలో ఉండి మాట మార్చేవాడు ఏది చెబితే అదే ధర. కోర్టులో అయినా, కచేరీలో అయినా అంతే. తన మాట తాను చెప్పుకోలేనివాడికి ఎదుటివాడి దయే న్యాయం. మన మత్స్యకార పల్లెల్లో పాతకాలపు పెద్దలను అడగండి, చదువు రాకుండా షావుకారు లెక్క ముందు నిలబడటం అంటే ఏమిటో వాళ్లు చెబుతారు.

ఈ దృశ్యం పర్లాకిమిడిలో అందరూ చూసిందే. రామమూర్తి పంతులు గారు మాత్రం ఆ భాష నేర్చుకోవాలనుకున్నారు. నేర్పడానికి పుస్తకం లేదు, నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు, అసలు ఆ భాషకు రాత లేదు. తెలుగు, సవర రెండూ వచ్చిన మనిషిని వెతికి తన ఇంట్లోనే ఉంచుకున్నారు. ఒక్కొక్క మాట అడగడం, విన్నది రాసుకోవడం, తిరిగి పలికి చూపించడం, తప్పయితే దిద్దుకోవడం. బడి వేళ అయిపోయాక ఇదే పని. సెలవులు వస్తే కాలినడకన కొండలెక్కి ఊళ్లు తిరిగేవారు. ఆనాడు పర్లాకిమిడిలో ఒక బ్రాహ్మణ ఉపాధ్యాయుడి ఇంట్లో సవరలు ఉండి, అక్కడే అన్నం తిని, చదువుకోవడం అంటే చుట్టుపక్కల వాళ్లు ఏమనుకుని ఉంటారో మన పాఠకులకు నేను విడమర్చి చెప్పనక్కరలేదు. కులం గోడ ఎంత ఎత్తో తెలిసినవాళ్లమే మనం. ఆ గోడలు మన సంఘాల్లో కూడా పూర్తిగా కూలలేదు, అది వేరే వారం రాయాల్సిన సంపాదకీయం.

ఆ భాష సులువైనది కాదు. తెలుగుకు దానితో చుట్టరికం లేదు. ముండా భాషల కుటుంబానికి చెందినది, సంతాలీ వంటి భాషలూ ఆ కుటుంబంలోవే. మనం గేదెను పట్టుకున్నాడు అని రెండు మాటలుగా చెప్పేదాన్ని సవరలో ఒకే మాటగా చెప్పవచ్చు. గేదె అనే మాట కుదించుకుపోయి పట్టుకోవడం అనే క్రియలో కలిసిపోతుంది. గొంతులో ఊపిరిని చటుక్కున ఆపి పలికే ధ్వని ఒకటి ఉంది. అది వినబడకపోతే మాట అర్థమే మారిపోతుంది. అలాంటి భాషను నేర్చుకునేవాడికి ముందుగా కావలసింది మంచి చెవి. పంతులు గారికి ఆ చెవి ఉంది. 1909లో థర్‌స్టన్ దొర దక్షిణ భారత కులాల, తెగల మీద పెద్ద గ్రంథం అచ్చువేసినప్పుడు సవరల గురించిన సమాచారం చాలావరకు ఈ పర్లాకిమిడి మాస్టారే అందించారు.

తెలుసుకున్నది కాగితం మీద పెట్టి ఊరుకోలేదు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు, కథలు, పాటల పుస్తకాలు తయారుచేశారు. జీతంలోంచి డబ్బు తీసి కొండల్లో బడులు పెట్టారు, పంతుళ్లకు జీతాలు తానే ఇచ్చారు. ఆ పుస్తకాలు చూసి మద్రాసు ప్రభుత్వం ఆయనకు పారితోషికం ఇవ్వబోతే వద్దన్నారు. ఆ సొమ్ముతో సవరలకు ఒక మంచి బడి పెట్టి నడపమని అడిగారు. 1913లో రావు సాహెబ్ బిరుదు ఇచ్చారు, అది పుచ్చుకున్నారు. బిరుదుకు ఖర్చేముంది.

ఇదంతా జరుగుతున్న రోజుల్లోనే మలేరియా పట్టుకుంది. కాలినడకన మన్యం తిరిగేవాడికి అది తప్పేది కాదు. తండ్రిని తీసుకుపోయినట్టే జ్వరం కొడుకునీ తీసుకుపోవచ్చు. ఆనాడు మందు ఒక్కటే, క్వినైన్. తపాలా ఆఫీసుల్లో కూడా పొట్లాలు కట్టి అమ్మేవారు. చేదు చెప్పనలవి కాదు. మోతాదు ఎక్కువైతే చెవుల్లో హోరు మొదలవుతుంది. చాలామందికి మందు మానేస్తే ఆ హోరు తగ్గిపోతుంది, కొందరికి తగ్గదు. పంతులు గారికి తగ్గలేదు. ప్రాణం దక్కింది, వినికిడి పోయింది. ఏ చెవులతో సవరల మాట విన్నారో ఆ చెవులే సవరల కొండల్లో పోగొట్టుకున్నారు.

ఇక్కడ చాలా కథలు ఆగిపోతాయి. ఆగిపోయినా ఎవరూ తప్పుపట్టరు. తరగతిలో పిల్లవాడు అడిగింది వినబడని మాస్టారు, సభలో ఎదుటివాడి వాదం వినబడని పండితుడు, ఇంట్లో మనవడి ముద్దుమాట వినబడని తాతగారు. చెవుడు పైకి కనబడని జబ్బు. గుడ్డివాడికి చెయ్యి అందిస్తాం, కుంటివాడికి దారి ఇస్తాం. చెవిటివాడి మీద మాత్రం విసుక్కుంటాం, లేదా వాడి వెనకాల నవ్వుకుంటాం. మన నాటికల్లో, సినిమాల్లో చెవిటివాళ్లు ఉండేది నవ్వించడానికే కదా. మార్కు సువార్త ఏడో అధ్యాయంలో చెవిటివాణ్ణి ప్రభువు దగ్గరికి తెచ్చినప్పుడు, ఆయన అతణ్ణి గుంపులోంచి పక్కకు తీసుకువెళ్లాడని రాసి ఉంది. వేళ్లు చెవుల్లో పెట్టాడు, నాలుకను ముట్టాడు. ఆకాశం వైపు చూసి నిట్టూర్చాడు. మాట వినబడనివాడికి అర్థమయ్యేలా ప్రతిదీ తాకి, చూపించి చేశాడు. సెమినరీలో ఈ భాగాన్ని గ్రీకులో చదివాం, పరీక్ష రాశాం. నాకు అది నిజంగా అర్థమైంది మాత్రం చాలా ఏళ్ల తరువాత, నా తప్పు వల్ల.

నేను కొత్తగా కాపరిగా చేరిన ఒక సంఘంలో రిటైరైన మాస్టారు ఒకాయన ఉండేవారు. వినికిడి బాగా తగ్గిపోయింది. ప్రసంగం మధ్యలో పక్కవాళ్లను ఏ వచనం, ఏ వచనం అని గట్టిగా అడిగేవారు. పిల్లలు నవ్వేవారు. నాకు ధ్యాస చెదిరేది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, పెద్దవారు కదా, ఇంటి దగ్గరే ప్రార్థన చేసుకోవచ్చు కదండీ అని మెత్తగానే అన్నాను. ఆ మాట మాత్రం ఆయనకు బాగానే వినబడింది. ఆయన రావడం మానేశారు. కొన్ని నెలల తరువాత తెలిసింది, ఆ పేటలో పదో తరగతి తప్పిన పిల్లలకు ఆయన తన అరుగు మీద కూర్చోబెట్టి రోజూ లెక్కలు చెబుతున్నారని. వాళ్లు పలక మీద ప్రశ్న రాసేవారు, ఆయన నోటితో జవాబు చెప్పేవారు. ఆ పిల్లల్లో సగం మంది మా సండే స్కూలు పిల్లలే. నేను వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాను. పలక మీద రాసి చెప్పాల్సి వచ్చింది. అంత పెద్ద మాట అంత చిన్న పలక మీద రాయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. గిడుగు వారి గురించి నేను చదవడం మొదలుపెట్టింది ఆ తరువాతే.

మళ్లీ పంతులు గారి దగ్గరికి వద్దాం. 1907 ప్రాంతంలో యేట్స్ అనే ఇంగ్లీషు దొర మన ఉత్తర జిల్లాల బడులకు ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. తెలుగు నేర్చుకున్నాడు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, బడి పుస్తకంలో ఉన్న తెలుగు మరొకటి కావడం చూసి ఇదేమిటని అడిగాడు. విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీలో ప్రిన్సిపాలుగా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలో గురజాడ, పర్లాకిమిడిలో గిడుగు, ఈ నలుగురికీ అలా ఒకటే ఆలోచన కుదిరింది. బిడ్డ ఇంట్లో మాట్లాడే మాటతోనే బడిలో రాయాలి అన్నది వారి వాదం. ఇవాళ ఇందులో వింత ఏముంది అనిపిస్తుంది. అప్పుడు అది పెద్ద గొడవ. జయంతి రామయ్య పంతులు గారి వంటి హేమాహేమీలు ఎదురు నిలిచారు. స్కూల్ ఫైనల్ పిల్లలు వ్యాసం వాడుక భాషలోనైనా రాయవచ్చని ప్రభుత్వం ఒకసారి వెసులుబాటు ఇచ్చింది. పండితులు సభలు పెట్టి ఆందోళన చేస్తే కొన్నాళ్లకే దాన్ని వెనక్కి తీసుకుంది. గురజాడ 1915లో కన్నుమూశారు. బరువంతా గిడుగు వారి మీద పడింది.

ఉద్యోగం లేదు, వయసు యాభై దాటింది, చెవులు వినబడవు. సభల్లో ఎదుటివారు అరిచినా, ఎగతాళి చేసినా ఆయనకు చేరేది కాదు. అదొక విధంగా మేలే అయిందని నవ్వుకోవచ్చు గాని, ప్రతివాది ఏమన్నాడో తెలియకుండా జవాబు చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి. ఆయన కళ్లను నమ్ముకున్నారు. నన్నయ నుంచి నాటి పండితుల దాకా కావ్యాలూ వ్యాకరణాలూ శాసనాలూ తిరగేశారు. శుద్ధ గ్రాంథికం అని గర్వపడేవారి రచనల్లోనే తప్పులు ఏరి, పుటతో సహా చూపించారు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం అని ఒక పుస్తకానికి పేరు పెట్టారంటే ఆయనకు హాస్యం కూడా పుష్కలమే. 1919లో కందుకూరి వీరేశలింగం పంతులు గారు అధ్యక్షులుగా రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. ఆ ఏడే తెలుగు అనే పేరుతో మాసపత్రిక మొదలుపెట్టి నడిపారు. అది ఏడాది పాటు నడిచి ఆగిపోయింది. పత్రిక నడపడం అంటే ఏమిటో తెలిసినవాడిగా చెబుతున్నాను, ఏడాది నడిపినా గొప్పే.

నాకు ఆశ్చర్యం వేసేది ఇది. మనుషులు మాట్లాడే తెలుగు కోసం పోరాడినాయన ఆ తెలుగును చెవితో వినలేకపోయారు. తన తరువాత వచ్చే పిల్లల కోసం, తనకు ఇక దక్కని దాన్ని అడిగారు. సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నవాడు తనకు మిగిలినదాంట్లోంచి ఇస్తాడు. ఈయన పోయినదాంట్లోంచి ఇచ్చారు. పౌలు తన శరీరంలోని ముల్లు గురించి రాసినప్పుడు అది ఏ జబ్బో చెప్పలేదు. మూడుసార్లు వేడుకున్నా అది తొలగిపోలేదని మాత్రం చెప్పాడు. ఆ ముల్లుతోనే ఆయన సంఘాలకు ఉత్తరాలు రాశాడు. మన ప్రార్థన కూడికల్లో స్వస్థత పొందినవారి సాక్ష్యాలు వింటాం, మంచిదే. స్వస్థత కలగకపోయినా ఇతరుల కోసం బ్రతికినవారిని లేపి సాక్ష్యం చెప్పించడం ఎప్పుడైనా చూశారా. నా సంఘంలో నేను చేయించలేదు.

భాష సంగతి మనకూ సంబంధించినదే. మన విశాఖపట్నానికి 1805లో లండన్ మిషన్ నుంచి క్రాన్, డిగ్రాంజెస్ అనే ఇద్దరు యువకులు వచ్చారు. ఆనందరాయర్ అనే విశ్వాసి తోడ్పాటుతో సువార్తలను తెలుగు చేయడానికి కూర్చున్నారు. క్రాన్ 1809లో, డిగ్రాంజెస్ 1810లో ఈ నేల మీదే చనిపోయారు. వారి చేతి పనిగా మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. తరువాత కెనడా బాప్తిస్టులు 1875లో మన భీమిలికి వచ్చి, ఇక్కడి నుంచి విజయనగరం, శ్రీకాకుళం, బొబ్బిలి, పర్లాకిమిడి దాకా పరిచర్య సాగించారు. పర్లాకిమిడి వైపు నుంచి సవర కొండల్లోకీ వెళ్లారు. సెరంగోలో ఆసుపత్రి కట్టారు. ఈ రోజు ఆ కొండల్లో వేలమంది సవరలు ఆదివారం తమ భాషలో పాటలు పాడుతున్నారు, తమ భాషలో వాక్యం చదువుతున్నారు. అక్కడ సంఘాలు వేళ్లూనుకోవడానికి చాలా ముందే ఆ భాషను గౌరవంగా విని, రాసి, పుస్తకాలుగా పెట్టిన మనిషి ఒకరున్నారు. ఆయన మన వాడు కాదని ఆ మేలును మరచిపోకూడదు.

మన వేదికల మీద తెలుగు ఎలా ఉందో కూడా ఒకసారి వినాలి. పాత తర్జుమా అంటే నాకు ప్రాణం. మా నాన్న రాత్రిపూట గట్టిగా చదివిన లయ ఇంకా చెవిలోనే ఉంది. కాని బోధించేటప్పుడు ఆ భాషను అరువు తెచ్చుకుని మనం చేసే ప్రసంగాలు, వలలు బాగుచేసుకుని అలసి వచ్చిన అన్నకు ఎంత అందుతున్నాయి? అరకు, పాడేరు వైపు నుంచి వచ్చి మన పట్నం సంఘాల్లో వెనక బెంచీల్లో కూర్చునే గిరిజన విశ్వాసులకు ఎంత అందుతున్నాయి? పెంతెకొస్తు రోజున యెరూషలేములో కూడినవారు ఎవరి భాషలో వారు విన్నారు. ఆ రోజు భాష నేర్చుకునే భారం వినేవారి మీద పడలేదు.

పంతులు గారి సవర పని ఆగలేదు. కుమారుడు సీతాపతి గారు ఆ కృషిలో తోడయ్యారు. ఇంగ్లీషులో సవర భాషా వ్యాకరణ గ్రంథం 1931లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం నుంచి వెలువడింది. అప్పటికి పంతులు గారికి అరవై ఎనిమిది. సవర - ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది, డెబ్బయి అయిదేళ్ల వయసులో. ఎప్పుడో ముప్పై ఏళ్ల వయసులో మంచి చెవులతో విని రాసుకున్న మాటలను, ఏమీ వినబడని ముసలితనంలో అచ్చుప్రతులు దిద్దుతూ చూసుకున్నారు. ప్రపంచంలో ఎక్కడైనా ముండా భాషలు చదివేవారు ఇప్పటికీ ఆ పుస్తకాలు తీస్తారు. 1934లో కైసర్-ఎ-హింద్ పతకం వచ్చింది. మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదు ఇచ్చింది.

మధ్యలో ఇంకొక దెబ్బ తగిలింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అందులో కలిసింది. అలా కలపవద్దని పంతులు గారు ఎంతో పోరాడారు, ఫలితం లేకపోయింది. డెబ్బయి రెండేళ్ల వయసులో, యాభై ఆరేళ్లుగా ఉన్న ఊరు వదిలి రాజమహేంద్రవరం చేరారు. చెవులు వినబడని మనిషికి అలవాటైన ఊరు అంటే ఏమిటో, అలవాటైన ముఖాలు అంటే ఏమిటో మన ఇళ్లలో అలాంటి పెద్దలు ఉన్నవారికి తెలుస్తుంది. పెదవుల కదలిక చూసి మాట పోల్చుకోగలిగేది తెలిసిన ముఖాల్లోనే. ఒరిస్సాలో కలపడం సరైనదా కాదా అన్న వాదంలోకి నేను వెళ్లను. రెండు వైపులా తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ సవరలూ కలిసి బ్రతికిన నేల అది. ఒక ముసలి మాస్టారు ఇల్లు వదిలి బయలుదేరిన ప్రయాణం గురించి మాత్రమే చెబుతున్నాను.

1940 జనవరిలో ఆయన మద్రాసులో ఉన్నారు. 15వ తేదీన ప్రజామిత్ర పత్రిక కార్యాలయంలో సంపాదకులు కొందరు కూడారు. ఆయన వారితో మాట్లాడారు. మీ పత్రికల్లో జనం భాష రాయండి అన్నదే ఆ విన్నపం సారాంశం. డెబ్బయి ఆరేళ్ల పెద్దాయన, వినబడని చెవులతో, జవాబు వినే ఆశ లేకుండా, రోజూ వేలమంది చదివేది రాసేవారిని అడిగిన ఆఖరి కోరిక అది. సరిగ్గా వారం తరువాత, జనవరి 22న, కన్నుమూశారు.

ఆ గదిలో కూర్చున్న సంపాదకుల్లో నేనూ ఉన్నట్టు అప్పుడప్పుడు ఊహించుకుంటాను. ఈ పేజీని అచ్చుకు పంపే ముందు ఇందులో కొన్ని మాటలు మార్చాను. మా వీధి చివర చేపలు అమ్మే అక్కకు చదివి వినిపించాను. ముండా అనే మాట దగ్గర ఆపి అదేమిటని అడిగింది. చెప్పాను. క్వినైన్ దగ్గర ఆపలేదు, వాళ్ల నాన్నకు కూడా ఆ మందుతోనే చెవులు పోయాయట.